ఇఖామా

మా కోనసీమలో కువైట్‌ని ఎవరూ విదేశం అనుకోరు. అమలాపురానికి కాస్త అవతల ఉన్న ఊరన్నట్టే మాట్లాడతారు. ‘వదిన కువైట్లో ఉంది’ అనడానికీ ‘వదిన కాకినాడలో ఉంది’ అనడానికీ గొంతులో తేడా ఉండదు. ఏ పల్లెకి వెళ్లినా, అందులోనూ ఏ పేటకి వెళ్లినా, అక్కడి దీనార్లతో లేచిన డాబా ఒకటైనా కనబడుతుంది. దాన్ని కట్టించిన ఆడమనిషి మాత్రం ఆ డాబాలో ఉండదు. రెండేళ్లకో మూడేళ్లకో వచ్చి, చుట్టంలా నెలరోజులుండి వెళ్తుంది. వెళ్లేవాళ్లలో చాలామంది దళిత, బీసీ ఇళ్ల ఆడవాళ్లు. అరబ్బుల ఇళ్లల్లో వంట చేస్తారు, పిల్లల్ని సాకుతారు, ముసలివాళ్లకి సేవ చేస్తారు.

ఇదంతా తెలిసి కూడా, నేను కువైట్ వెళ్తున్నానని చెప్పగానే తోటి జర్నలిస్టొకడు ‘ఇంకేం భాయ్, మీవాళ్ల దేశమేగా’ అన్నాడు. వెటకారంగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. అందుకే మరీ గుచ్చుకుంది. పేట నుంచి వెళ్లిన అక్కకి కువైట్ కూలికి పోయే చోటు. గౌతమి గట్టున జొన్నాడలో పుట్టి, అంతవరకు ఎడారి అనేదాన్ని కంటితో చూడని నాకు మాత్రం అది ‘మావాళ్ల దేశం’! ఆ దేశంలో 2023 నవంబరు నుంచి 2024 ఏప్రిల్ చివరిదాకా బతికాను. అక్కడ నాకు ఎవరు మావాళ్లయ్యారో, ఎవరు కాలేదో చెబుదామని ఈ నాలుగు మాటలు.

నేను వెళ్లింది ఆరు నెలల పని మీద. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల కోసం అక్కడి చట్టం ఏం చెబుతుందో చిన్న పుస్తకాలుగా రాయాలి, ఫోన్లో వినేలా చదివి రికార్డు చేయాలి. తెలుగూ ఉర్దూ రెండూ వచ్చిన విలేకరి కావాలన్నారు. బి.ఏ. చదువుకుని, ఇరవై ఏళ్లుగా ఈ రెండు భాషల మధ్య వార్తలు మోస్తున్నవాణ్ని. సరేనన్నాను.

దిగిన రోజు నుంచి చెవిన పడిన మాట ‘ఇఖామా’. అంటే నివాస అనుమతి. వైద్య పరీక్ష, వేలిముద్రలు, ఆ తర్వాత సివిల్ ఐడి కార్డు. ఈ కాగితాల వెంట తిరిగిపెట్టే మనిషిని అక్కడ మండూబ్ అంటారు. ఆయన కార్డు తెచ్చి చేతిలో పెట్టేదాకా బ్యాంకు ఖాతా లేదు, ఇల్లు లేదు. మనిషినైతే ఉన్నాను గాని లెక్కలో లేను.

ఈ మాట నాకు కొత్తదేం కాదు. మసీదులో జమాత్ నిలబడే ముందు ఇచ్చే రెండో పిలుపుని ఇఖామత్ అంటాం. లేచి నిలబడండి అని చెప్పే పిలుపది. బిడ్డ పుట్టగానే కుడిచెవిలో అజాన్, ఎడమచెవిలో ఇఖామత్ చెబుతాం. నా చెవిలో మా నానా చెప్పాడట. అప్పటికి నాకు పేరు కూడా పెట్టలేదు. లోకంలోకి వచ్చి నేను విన్న మొదటి మాటల్లో ఒకటి ఇక్కడ ప్లాస్టిక్ కార్డయి, గడువు తేదీ అచ్చు వేసుకుని నా చేతిలోకి వచ్చింది.

కార్డు తర్వాత ఇల్లు. నలభై దాటినవాణ్ని, భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నవాణ్ని, అక్కడ దిగగానే ‘బ్యాచిలర్’నయ్యాను. కుటుంబం వెంట లేని మగవాడు ఎంత పెద్దవాడైనా గల్ఫ్‌లో బ్యాచిలరే. కుటుంబాలుండే భవనాల్లో బ్యాచిలర్లకి ఇల్లివ్వరు. ఫర్వానియాలో మూడు చోట్ల వాచ్‌మన్లు గుమ్మంలోనే ఆపేశారు. వాచ్‌మన్‌ని అక్కడ హారిస్ అంటారు. నాలుగో చోట ఇద్దరు కేరళవాళ్లూ ఒక నేపాలీ ఉంటున్న ఫ్లాటులో ఒక గది దొరికింది.

కాదన్నందుకు నాకు కోపం రాలేదు. ఏమిటీ వింత అనుకున్నాను. ‘కుటుంబాలకు మాత్రమే’ అని గోడమీద రాసిపెట్టారు. నా భార్య వస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. మన పట్నాల్లో నేను ఇల్లు వెతికినప్పుడు ఏ గోడమీదా ఏమీ రాసి లేదు. పైగా టులెట్ బోర్డు వేలాడుతూ రమ్మంది. గదులు చూపించారు, అద్దె చెప్పారు, నీళ్లు ఎన్ని గంటలకొస్తాయో చెప్పారు. ఆఖర్న పేరడిగారు. పేరు విన్నాక ‘ఇందాకే ఎవరికో మాటిచ్చేశామండీ’ అన్నారు. ఆ మాట ఎన్ని గుమ్మాల్లో విన్నానో లెక్కపెట్టడం మానేశాను. భార్యనైతే వెంటబెట్టుకుని వెళ్లగలను. పేరుని ఎక్కడ దింపి వెళ్లను?

మెల్లగా రోజులు ఒక దారిలో పడ్డాయి. అక్కడ 2007 నుంచి శుక్ర శనివారాలు సెలవు. ఆదివారం పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరడానికి ఒళ్లు నెలరోజులు మొరాయించింది. వీధి చివర పొయ్యిలోంచి తీసిచ్చే ఇరానీ రొట్టె, బఖాలాలో, అంటే చిల్లర కొట్టులో, కందిపప్పూ చింతపండూ. ములక్కాడలు కూడా దొరికాయి. అరటిపళ్ల మీద ఫిలిప్పీన్స్ స్టిక్కరు ఉంది. వంతెన దాటితే రావులపాలెం అరటి మార్కెట్, ఆ గెలల వాసనలో పెరిగినవాణ్ని. స్టిక్కరున్న అరటిపండు తినడానికి కాస్త మొహమాటంగానే అనిపించింది. డిసెంబరు 16న అమీర్ షేక్ నవాఫ్ చనిపోయారు. ఆఫీసులు మూసేశారు, నలభై రోజుల సంతాపం ప్రకటించారు. సందడి లేని ఆ రోజుల్లోనే ఆ ఊరి వీధులు నాకు బాగా పరిచయమయ్యాయి.

కువైట్‌కి నది లేదు. కుళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీరు. 1950లలో ఆ యంత్రాలు రాకముందు ఇరాక్ వైపు షత్-అల్-అరబ్ నది నుంచి ఓడల్లో మంచినీళ్లు తెచ్చుకుని అమ్ముకునేవాళ్లట. ఆ ఓడలు మలబారు టేకుతో కట్టినవి. వాళ్ల నావికులు కలపకీ కొబ్బరితాళ్లకీ మన పడమటి తీరానికి వచ్చేవాళ్లు. 1961 దాకా కువైట్‌లో చెల్లింది మన రూపాయే. అంటే మా నానా పడుచువాడుగా ఉన్న రోజుల్లో కువైట్‌వాళ్లు ఇండియా వైపు చూశారు. తర్వాత చమురు డబ్బు వచ్చింది. మనం వాళ్ల వైపు చూస్తున్నాం. ఎవరింటికి ఎవరు కూలికి వెళ్లాలో తేల్చింది చమురు. అందులో మతానికి పనేమీ లేదు.

భాష సంగతి చెప్పాలి. హైదరాబాద్ వెళ్తే నా ఉర్దూలో తెలుగు యాస ఉందని నవ్వుతారు. తెలుగు పత్రికాఫీసులో ‘మీ తెలుగు చాలా బావుంటుందండీ’ అని మెచ్చుకుంటారు. ఇంకో గోదావరి జిల్లావాణ్ని ఎవరూ అలా మెచ్చుకోరు. కువైట్‌లో పెషావర్ టాక్సీ డ్రైవరూ, సిల్హెట్ ఊడ్పు పనివాడూ, నేపాలీ వంటవాడూ అందరూ ఉర్దూయే మాట్లాడతారు, ఎవరి యాసలో వాళ్లు. అక్కడ నా ఉర్దూని చూసి నవ్వినవాడు లేడు.

అరబ్బీలో మన మాటలు చాలా కనబడతాయి గాని, దగ్గరికెళ్తే అర్థం మారిపోతుంది. మనకి గరీబ్ అంటే బీదవాడు. అరబ్బీలో గరీబ్ అంటే పరాయివాడు. కువైట్‌లో ఆ రెండు అర్థాలూ ఒకే మనిషిలో కనిపించాయి. పాతకాలం ఉర్దూ ఉత్తరాల్లో పెద్దలు వినయంగా ‘మీ ఖాదిమ్’ అని సంతకం చేసేవాళ్లు. అక్కడ ఖాదిమ్ అంటే ఇరవయ్యో నంబరు వీసా, ఇంటిపని వీసా. రఫీక్ అంటే స్నేహితుడు. అక్కడ కూలివాణ్ని పేరు తెలుసుకోకుండా పిలవాలంటే ‘రఫీక్’ అంటారు.

శుక్రవారం మసీదుకి వెళ్లేవాణ్ని. చల్లటి ఏసీ, మెత్తటి తివాచీ. మేం హనఫీలం, ఆమీన్ మనసులో అనుకుంటాం. అక్కడ మసీదంతా ఒక్క గొంతుతో బిగ్గరగా అంటుంది. మొదటిరోజు ఉలిక్కిపడ్డాను. రెండో వారానికి ఆ గొంతులో నాదీ కలిసింది. వరసలో ఒక అరబ్బు భుజం నా భుజానికి ఆనింది. ఎవరూ నన్ను పేరడగలేదు. ఆ పది నిమిషాలూ నిజమే, వాటిని తక్కువ చేసి చెప్పను. కాని బయటికి వచ్చాక ఆ భుజం కారెక్కి వెళ్లిపోయింది. నన్ను ఎవరన్నా చూపించాల్సొస్తే ‘హిందీ’ అన్నారు. అరబ్బీలో భారతీయుణ్ని అనే మాట అదే. మన దగ్గర ‘మీవాళ్ల దేశం’ అని పంపిస్తే, ఆ దేశం నన్ను నిలబెట్టి హిందూస్తానీవాణ్ని చేసింది.

జుమా అయ్యాక కువైట్ సిటీలో మాలియా వైపు నడిచేవాణ్ని. సెలవు దొరికిన తెలుగువాళ్లు అక్కడికి చేరతారు. రాయచోటి, రాజంపేట, కడప మాట ఒక పక్క. మన గోదావరి మాట ఇంకో పక్క. అక్కడే పరిచయమైంది అంబాజీపేట వైపు నుంచి వచ్చిన ఒక అక్క. యాభై దాటి ఉంటుంది. పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో పని.

‘ఏ ఊరండీ తమరిది?’
‘జొన్నాడ.’
‘రావులపాలెం వంతెన పక్కన జొన్నాడేనా? ఆయ్, మన ఊళ్లోకొచ్చేసినట్టుందండి!’

అలా గంటసేపు మాట్లాడింది. చివరికి పేరడిగింది. చెప్పాను. ‘సాయిబు గారా తమరు? అయితే ఉపాసాలకి నాలుగు మాటలు చెప్పండి, మా మామాకి దువా చేసినట్టు ఉంటది’ అని నవ్వేసింది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ముందు ఊరు, తర్వాత పేరు. మన దగ్గర నాకు ఈ వరస తిరగబడి ఎదురవుతుంది. ముందు పేరు. ఆ తర్వాత ఊరు చెప్పినా నమ్మరు, ‘అంతకుముందు ఎక్కడ్నుంచి వచ్చారు?’ అంటారు.

నేను రాస్తున్న పుస్తకం ఆమెకి చదివి వినిపించాను. కువైట్‌లో 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. ఇంటిపనివాళ్లకి రోజుకి పన్నెండు గంటలకి మించి పని చెప్పకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం అరవై దీనార్లన్నారు. నేనున్నప్పటి లెక్కలో మన డబ్బుల్లో పదహారు వేల పైచిలుకు. శ్రద్ధగా విని ‘బాగా రాశారు తమ్ముడు గారూ. దీన్ని అరబ్బీలో రాసి వాళ్లకివ్వాలండి. ఇందులో ఉన్నవన్నీ చెయ్యాల్సింది వాళ్లు కదా’ అంది. ఆమె పాస్‌పోర్టు ఆ ఇంటి బీరువాలోనే ఉంది. ఫోను రాత్రి పని అయ్యాకే చేతికొస్తుంది. నెలకి రెండు శుక్రవారాలు బయటికి పంపిస్తే గొప్ప. ఆ రెండు పూటల్లోనే నేషనల్ ఇవాంజెలికల్ చర్చిలో తెలుగు ప్రార్థన, మాలియాలో ఊరి కబుర్లు.

అయినా ఆమె ఒక మాట చెప్పింది. ‘మన పక్క పెద్దోళ్ల ఇళ్లల్లో మా అమ్మ గుమ్మం దాటి వంటింట్లోకి ఎళ్లలేదండి. ఇక్కడ నేను వండిందే ఇంటిల్లిపాదీ తింటారు.’ ఇది కువైట్‌కి ఆమె ఇచ్చిన యోగ్యతా పత్రం అనుకోవద్దు. మన ఊరి మీద ఆమె చేసిన ఫిర్యాదు అనుకోండి. మన జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ మంటల్ని ఆమె రాత్రి ఫోన్లో చూసిందట. ఇప్పుడు జిల్లా ఏదని అడిగితే ‘డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా’ అని ఒక్క అక్షరం వదలకుండా చెబుతుంది.

2024 మార్చి 11న అక్కడ రంజాన్ మొదలైంది. మసీదు పక్క డేరాలో రోజా విప్పడానికి వరసగా కూర్చున్నాం. చేతిలో ఖర్జూరం. ఫోన్లో వార్త. 2019 డిసెంబరులో చేసిన పౌరసత్వ సవరణ చట్టానికి ఆ రోజే ఢిల్లీలో నిబంధనలు ప్రకటించారు. 2014 ఆఖరులోగా మూడు పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్లకి పౌరసత్వం ఇచ్చే చట్టం. ఆరు మతాల పేర్లున్నాయి. మా పేరు లేదు. ఇక్కడి ముస్లింల పౌరసత్వానికి ఏమీ కాదని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట విన్నాను. కష్టపడి వచ్చినవాళ్లకి నీడనివ్వడం మీద నాకు పేచీ లేదు. కాని ఒక దేశం గుమ్మం మీద పేర్లు రాస్తూ ఒక్క పేరు వదిలేస్తే, ఆ పేరున్నవాడు ఇంట్లోనే ఉన్నా ఆ గుమ్మం వంక చూడకుండా ఎలా ఉంటాడు?

నా పక్కన కూర్చున్న కుర్రాడు అరబ్బు. అక్కడే పుట్టాడు. వాళ్ల నాన్నా అక్కడే పుట్టాడు. ముస్లిం. మాట్లాడేది కువైట్ అరబ్బీ. కాని కువైట్ పౌరుడు కాడు. అలాంటివాళ్లని ‘బిదూన్’ అంటారు. ఆ మాటకి అర్థం ‘లేకుండా’. 1959 నాటి పౌరసత్వ చట్టం 1920కి ముందునుంచీ అక్కడ స్థిరపడ్డ కుటుంబాల్నే అసలు పౌరులన్నది. ఎడారిలో తిరిగే తెగలవాళ్లు కాగితాలు ఎక్కడ దాచుకుంటారు? అలా మిగిలిపోయినవాళ్లు లక్ష మంది దాకా ఉంటారని లెక్క. ‘మీవాళ్ల దేశం’ అన్న మిత్రుడు ఆ కుర్రాణ్ని చూడాలి. ఒకే దేవుడు, ఒకే భాష, ఒకే నేల ఉండి కూడా, కాగితం లేకపోతే ఆ దేశం వాణ్ని మావాడు అనలేదు. మతం చూసి అక్కున చేర్చుకునే రాజ్యాన్ని నేనైతే అక్కడ వెతికినా చూడలేదు.

ఆ వారంలోనే, మార్చి 17 నుంచి, ఇఖామా గడువు తీరిపోయినవాళ్లకి మూడు నెలల క్షమాభిక్ష ప్రకటించారు. మాకు పని రెట్టింపయింది. ఎలా వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి, ఏ కాగితం పట్టుకెళ్లాలి అని రెండు భాషల్లోనూ చెప్పి చెప్పి గొంతు రాసుకుపోయింది. అక్క ఆ నెలంతా కనబడలేదు. రంజాన్‌లో అరబ్బు ఇళ్లల్లో వంట రాత్రి రెండు దాటినా ఆగదు.

పండగ వెళ్లాక వచ్చింది. చేపల మార్కెట్టుకి వెళ్దామంది. అక్కడ ‘సబూర్’ అని ఒక చేప చూపించారు. అది మన పులసే! ఒకే జాతి. అక్కడా సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి షత్-అల్-అరబ్ నదిలోకి ఎదురీదుతుంది. మన దగ్గర సముద్రంలో ఉన్నంతవరకు విలస. గోదావరి ఎర్రనీటికి ఎదురెక్కాక పులస. ఫర్వానియాలో వాళ్ల చుట్టాల గదిలో బెండకాయలు వేసి పులుసు పెట్టింది. చర్చికెళ్లే నలుగురు, రాయచోటి సాయిబులిద్దరు, నేను. కింద కాగితాలు పరుచుకుని తిన్నాం. ‘పేరు మారినా ముల్లు అదేనండి, చూసుకుని తినండి’ అంది అక్క. ఆరు నెలల్లో ఆ దేశంలో నేను కుదురుకున్నానంటే, అది ఆ గదిలోనే. మా అందరి ఇఖామాలకీ గడువు తేదీ ఉంది. ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

మా ధర్మశాస్త్రంలో ఒక మాట ఉంది. ప్రయాణంలో ఉన్నవాడు ముసాఫిర్. నాలుగు రకాతుల నమాజ్‌ని రెండుకి కుదించుకుంటాడు. ఒకచోట పదిహేను రోజులుంటానని మనసులో నియ్యత్ చేసుకుంటే, మా హనఫీ లెక్కలో అతను ముఖీమ్, అంటే ఆ ఊరివాడు. పూర్తి నమాజ్ చేయాలి. ఇఖామా, ఇఖామత్, ముఖీమ్, అన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. ఊరివాడు కావడానికి పదిహేను రోజుల నియ్యత్ చాలంటుంది శాస్త్రం. సొంత ఊరికైతే ఆ లెక్క కూడా లేదు. దాన్ని వతనె అస్లీ అంటారు. అక్కడ ఒక్క పూటకి దిగినా నువ్వు ప్రయాణికుడివి కావు.

ఏప్రిల్ చివర్న జొన్నాడలో బస్సు దిగాను. గౌతమి ఎండాకాలపు ఇసుకల మధ్య సన్నగా పారుతోంది. ఇంటికెళ్లి స్నానం చేసి జొహర్ నమాజ్‌కి నిలబడ్డాను. నాలుగు రకాతులూ చేశాను. వచ్చి గంట కాలేదు. నేను ఇక్కడివాణ్నేనా అని నమాజ్ నన్ను అడగలేదు.

అమ్మీ మాత్రం అన్నం పెట్టి, రేకు పెట్టె తెచ్చి నా ముందు తెరిచింది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్, ఇంటి పన్ను రసీదులు, నానా నాటి చిరిగిన దస్తావేజు. ఒకదాంట్లో ఆమె పేరు చివర ‘బీ’ అని ఉంది. ఇంకోదాంట్లో ‘బేగం’. రేషన్ కార్డు రాసినాయన ‘అమ్మ’ అని రాసేశాడు. మూడూ ఆమే. డెబ్భై ఏళ్ల మనిషి, ఈ జిల్లా దాటి వెళ్లింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ‘ఇవి సరిపోతాయా బేటా?’ అంది.

ఆరు నెలలు పరాయి దేశంలో ఎందరికో ఏ కాగితం ఎక్కడ చూపించాలో చెప్పి వచ్చినవాణ్ని. అది వాళ్లది కాని దేశం, ఆ ప్రశ్న అక్కడ సహజం. మా అమ్మీ నోట, జొన్నాడలో, సొంత ఇంటి వసారాలో ఆ ప్రశ్న ఎందుకు రావాలి? దీనికి జవాబు నా ఒక్కడి దగ్గర లేదు. అంబాజీపేట అక్క ముందు ఊరడిగింది, తర్వాత పేరడిగింది. మీరూ అలాగే అడగండి. ముందు మా ఊరడగండి. చెప్పాక, నమ్మండి.